ముఖం మీది పచ్చబొట్టు

గ్రెగ్ బాయిల్ అనే జెసూట్ ఫాదర్ 1986లో లాస్ ఏంజెలెస్‌లోని డొలోరెస్ మిషన్ చర్చికి వచ్చేసరికి ఆ పేటంతా గ్యాంగుల గొడవలే. చనిపోయిన కుర్రాళ్లకు అంత్యక్రియలు చేసీ చేసీ విసిగి, 1988లో బతికున్నవాళ్లకు ఉద్యోగాలు వెతకడం మొదలెట్టారు. 1992లో బేకరీ పెట్టారు. నిన్నటిదాకా బద్ధశత్రువులైన ముఠాల కుర్రాళ్లు అక్కడ ఒకే బల్ల దగ్గర పిండి కలిపారు. అదే నేటి హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్.

అక్కడ పచ్చబొట్లు లేజర్‌తో ఉచితంగా తీసేస్తారు. వినడానికి చిన్న విషయమే గానీ, నుదుటి మీద గ్యాంగు పేరుంటే ఇంటర్వ్యూ గుమ్మంలోనే ముగిసిపోతుంది. ఒక్క సిట్టింగులో పోదు, నొప్పి కూడా గట్టిదే. శిక్షణ 18 నెలలు, జీతంతో. (ఉత్త హితబోధకైతే ఎవరొస్తారు?) ముందు ఈ దారిన నడిచినవాళ్లే కొత్తవాళ్లకు పెద్దదిక్కు.

2024లో బాయిల్‌కు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు.

దారి తప్పిన పిల్లలకు ఇలాంటి పెద్దదిక్కు దొరికేలా మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోనూ ఓ వెసులుబాటుంది. విచారణలో తప్పు చేసినట్టు తేలిన పిల్లవాణ్ని మంచి నడవడిక షరతు మీద, మూడేళ్లకు మించకుండా, తల్లిదండ్రులకే కాదు, ‘తగిన వ్యక్తి’కి (ఫిట్ పర్సన్) కూడా జువెనైల్ జస్టిస్ బోర్డు అప్పగించవచ్చు. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు ఓసారి మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి, అలాంటి వ్యక్తిగా ఉండటానికి ఏం చేయాలో అడిగి చూడండి.