వణుకు ఎక్కడ పుట్టిందంటే

కల్వకుర్తి, మంగళవారం

నాన్నా,
పొద్దున సున్నిపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతుంటే ఒకటే రద్దీ. గేట్లు ఎత్తారని జనం విరగబడ్డారు. మలుపుల పొడుగునా బ్రేకు తొక్కుతూనే దిగాను. కింద వాలులో బండ్లు ఆగిపోతే, అరగంట సేపు పెడల్ మీంచి కాలు తియ్యలేదు. మాడు వాసన వచ్చింది.

అడవి దాటి హాజీపూర్ నుంచి రోడ్డు తిన్నగా ఉంటుందిగా, 80లో పోతూ బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతుల్లో దడదడలాడింది. నెమ్మదిగా ఆపితే ముందు ఎడమ చక్రం కీచుమంటోంది. ఇక్కడ ఒక షెడ్డులో చక్రం విప్పకుండానే డిస్కులు, ప్యాడ్లు, క్యాలిపర్లు అన్నీ మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. మెల్లగా పోయి అక్క ఇంటికి చేరతాను.

అల్మాస్‌గూడ, గురువారం

నాన్నా,
బావ తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. పానా పట్టుకునే ముందే అతను అడిగిన మాట: "బ్రేక్ కొడితేనే ఊగుతుందా సార్, ఉత్తగ పోతున్నప్పుడు గూడ ఊగుతుందా?" ఉత్తప్పుడూ ఊగితే టైర్లో, బ్యాలెన్సింగో చూడాలట. బి.ఎన్. రెడ్డి నగర్ దాటి సాగర్ రోడ్డు మీదికి తీసుకెళ్లి తనే నడిపి చూశాడు. స్టీరింగ్ వణికితే ముందు డిస్కులు, సీటు వణికితే వెనక డ్రమ్ములు అని చెప్పాడు. మనది స్టీరింగే.

చక్రం విప్పి, డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటర్ పెట్టాడు. నేను పక్కనే కూర్చుని రాసుకున్నాను. ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా 0.03 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు, ఆ కాస్తకే చేతులు వణికాయి! డిస్కు వంగిపోయిందనే నేను అనుకున్నాను. అది కాదు. కాగిపోయిన డిస్కును ప్యాడ్లు ఒకేచోట పట్టుకుని ఉండటంతో వాటి పదార్థం అక్కడ అంటుకుపోయింది. ఆ మచ్చ నల్లగా, ప్యాడ్ అచ్చు దిగినట్టే కనిపించింది. ఆ అరగంట నా కాలు చేసిన పనే అది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని నువ్వు లారీ నడిపే రోజుల నుంచీ చెబుతూనే ఉన్నావు.

కీచు వేరే సంగతి. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకు అరిగింది, బయటిది 7 ఉంది. క్యాలిపర్ పిన్ను ఎండి బిగుసుకుపోయింది. దాన్ని శుభ్రం చేసి, రబ్బరును పాడుచేయని గ్రీజు రాశాడు. డిస్కు అంచు మీద పోసి ఉన్న కనీస మందం కన్నా ఇంకా దళసరిగానే ఉంది కాబట్టి లేత్ మీద సాపు చేయించాడు. హబ్ మీద తుప్పు గీకాడు. కొత్తగా వేసింది ముందు ప్యాడ్ల జత ఒక్కటే. నట్లు కూడా ఎదురెదురువి బిగిస్తూ, చివర టార్క్ పానాతో సరిచూశాడు. ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే వణుకు మళ్లీ వస్తుందట. తమ్ముడికి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా 300 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయొద్దన్నాడు. అందుకని శ్రీశైలం ఘాట్ మానేసి సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా మార్కాపురం వస్తాను. శనివారం చీకటి పడేలోపు ఇంట్లో ఉంటానని అమ్మతో చెప్పు.