గుంపులో చివరి మనిషి

హైదరాబాద్ తార్నాక మెట్రో స్టేషన్ కింద పొద్దున ఆరున్నరకి నిలబడితే నా గుంపు ఏదో చూడగానే తెలిసిపోతుంది. కొత్త బూట్లు, మెడలో కెమెరా, చేతిలో అరలీటరు నీళ్ల సీసా. ఆ అరలీటరంటేనే నాకు భయం. రోజంతా నడవాలి, మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోండని ముందురోజే మెసేజ్ పెడతాను. ఎవరూ చదవరు. అందుకే నా సంచిలో నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బ్యాండేజీలు, రెండు పాత గొడుగులు ఎప్పుడూ ఉంటాయి. హెరిటేజ్ వాక్ అంటే చరిత్ర చెప్పడమేగా అంటారు. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ బాత్రూం ఉంది అన్నది తెలిసుండటమే ఇందులో సగం పని.

జెండా పట్టుకుని ముందు నడిచేది నాకు సాయంగా వచ్చే కుర్రాడు. నేను అందరికంటే వెనక. ముందున్నవాళ్లకి కథ వినపడుతుంది, వెనకబడ్డవాళ్లకి మోకాలి నొప్పి ఉంటుంది. ఆ మోకాలిని బట్టే నడక వేగం.

మొదటి మాట తార్నాక పేరు మీదే. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు, తీగకంచె పక్కన చౌకీ ఉండేది కనుక ఆ పేరని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ‘చెప్పుకుంటారు’ అన్న మాట నేను తప్పకుండా కలుపుతాను. ఆ అలవాటు ఊరికే రాలేదు. మొదటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి, “1934లో ప్రారంభమైన భవనం” అని గొంతెత్తి చెప్పాను. గుంపులో ఒక పెద్దాయన ఏమీ అనలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక పక్కకి పిలిచి, “బాబూ, 1934లో పడింది పునాది. నిజాం వచ్చి ప్రారంభించింది 1939 డిసెంబరులో. మేం ఇక్కడే చదువుకున్నాం” అన్నారు. అందరి ముందు అననందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ భవనం దగ్గర గంటకి తక్కువ ఆగను. ముందు గోడ మీద చెయ్యి పెట్టమంటాను. ఆ గ్రానైటు ఈ నేలదే, దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పొద్దున చల్లగా ఉంటుంది, పదిన్నరకి చెయ్యి కాలుతుంది. తర్వాతే మనుషుల సంగతి. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టులు విశ్వవిద్యాలయాలు చూడటానికి దేశదేశాలు తిరిగారు. కైరో దగ్గర హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్‌కి నమూనా గీసిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ని ఈ పనికి తీసుకున్నారు. కమాను చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభం చూస్తే అజంతా, ఎల్లోరా.

1918లో మొదలైన ఈ యూనివర్సిటీలో ఒకప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పేవారు అనగానే ఐటీ పిల్లలు ఆగిపోతారు. “ఫిజిక్స్ కూడానా సార్?” ఫిజిక్సే కాదు, డాక్టరీ, ఇంజనీరింగు కూడా. పాఠ్యపుస్తకాల కోసం ఒక అనువాద సంస్థనే పెట్టి, వేలకొద్దీ శాస్త్రపదాలు పుట్టించారు. భారతీయ భాషలో అంత పెద్ద ఎత్తున ఉన్నత చదువు చెప్పిన ప్రయత్నం అది. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అదీ పరాయి భాషే అన్నది దాచను. 1938లో వందేమాతరం పాడినందుకు బయటికి పోవాల్సివచ్చిన విద్యార్థుల్లో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. 1969, 2009 తెలంగాణ ఉద్యమాల గురించి నేను పెద్దగా చెప్పను. గుంపులో ఎవరో ఒకరు ఇక్కడ లాఠీ దెబ్బ తిన్నవాళ్లుంటారు, వాళ్లకే వదిలేస్తాను.

రైలు కూత వినపడితే స్టేషన్ పేరు మీద ఒక నవ్వు. జామియా అంటే విశ్వవిద్యాలయం. బోర్డు మీద అది ‘జామై ఉస్మానియా’ అయింది, జామై అంటే అల్లుడు. ఉస్మానియావారి అల్లుడు!

మధ్యాహ్నం నీడలో మజ్జిగ తాగి, ముందే తీసుకున్న అనుమతితో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఆవరణలోని మెట్లబావికి వెళతాం. అది మహలఖా బాయిది అంటారు. ఉర్దూ కవయిత్రి, 1824లో పోయింది. ఈ అడిక్‌మెట్ నేలంతా ఒకప్పుడు ఆమె జాగీరే. సందర్శకులు చార్మినార్‌కి పోయినంత ఇదిగా ఆమె దగ్గరికి రారు, అది నాకున్న ఫిర్యాదు. బావి దగ్గర మాత్రం నేను ముందుంటాను. దిగేటప్పుడు తలలు లెక్కపెడతాను, ఎక్కేటప్పుడు మళ్లీ లెక్కపెడతాను. ఒకసారి పద్దెనిమిదికి పదిహేడే తేలారు. నా గుండె జారిపోయింది. తీరా చూస్తే, నన్ను లెక్కలోంచి వదిలేసింది నేనే.

మార్చి నుంచి జూన్ దాకా గుంపుల్ని తీసుకెళ్లను, ఎంత అడిగినా సరే. చలికాలంలో మీరూ రండి. చెప్పులతో మాత్రం రావద్దు, ఆ మెట్లు జారతాయి.