ఫ్రెంచి వాక్యములో సర్వనామముల వరుస

ఒక భాషను నేర్చుకొనువారిని పెద్ద పదములు భయపెట్టును గాని, నిజముగా శ్రమపెట్టునవి చిన్న పదములే. పెద్ద పదమునకు నిఘంటువు కలదు. చూచినంతనే సందేహము తీఱును. "నాకు", "దానిని", "వానికి" అను నర్థముల నిచ్చు చిన్న మాటలు వాక్యములో నెక్కడ గూర్చుండవలెనో నిఘంటువు చెప్పదు. మేము కొన్ని యేండ్లుగా ఫ్రెంచి భాషను చదువుచున్నాము. ఆ భాషలో క్రియతో రెండు సర్వనామములు చేరినపుడు వాటి వరుస యెట్లుండవలెనను ప్రకరణము విద్యార్థులకు మిక్కిలి కష్టముగా దోచును. ఈ ప్రకరణమునకు ఇంగ్లీషు త్రోవను బోవుటకంటె తెలుగు త్రోవను బోవుటయే సులభమని మా యనుభవము. ఆ సంగతిని మన పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప గోరి యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఫ్రెంచి మాటలను మన లిపిలో సాధ్యమైనంత దగ్గఱగా వ్రాసినాము. ముక్కుతో బలుకవలసిన చోట అరసున్న నుంచినాము.

మొదట నొక సులభమైన వాక్యమును జూతము. "పియేర్ పుస్తకమును మరీకి ఇచ్చుచున్నాడు" అనుటకు ఫ్రెంచివారు "పియేర్ దొన్ ల లీవ్ర్ ఆ మరీ" అందురు. "దొన్" అనునది క్రియ. "ల లీవ్ర్" పుస్తకము. "ఆ మరీ" అనగా మరీకి. కర్త పిమ్మట క్రియ, క్రియ పిమ్మట తక్కినవి. ఇంగ్లీషు వాక్యమును ఇట్టిదే గనుక ఇంతవఱకు ఇంగ్లీషు తెలిసినవారికి శ్రమ లేదు. కాని పుస్తకమునకును మరీకిని బదులుగా సర్వనామములను వాడితిమా, వాక్యస్వరూపమే మాఱిపోవును. అప్పుడు "పియేర్ ల లుయి దొన్" అనవలెను. "ల" అనగా దానిని, "లుయి" అనగా ఆమెకు, "దొన్" అనగా ఇచ్చుచున్నాడు. ఈ మాటల క్రింద తెలుగు మాటలను వరుసగా వ్రాసి చూడుడు: పియేర్ దానిని ఆమెకు ఇచ్చుచున్నాడు. ఒక్క మాటనైనను కదల్ప నక్కఱలేదు. ఇంగ్లీషులో నైతే క్రియ ముందే నిలిచి సర్వనామములు రెండును దాని వెనుకకు బోవును. తెలుగును ఇంగ్లీషులోనికి మార్చి, ఆ ఇంగ్లీషును ఫ్రెంచిలోనికి మార్చు విద్యార్థి వాక్యమును రెండు మారులు త్రిప్పవలసి వచ్చును. తిన్నగా తెలుగునుండి పోవువాడు త్రిప్పనే యక్కఱలేదు.

అయితే ఇక్కడనే యొక జాగ్రత్త కావలెను. మన భాషలో "దానిని నాకు ఇమ్ము" అన్నను సరియే, "నాకు దానిని ఇమ్ము" అన్నను సరియే. ఏది కర్మయో, ఎవరు గ్రహీతయో తెలుపుటకు "ని", "కు" అను ప్రత్యయములు మాటను విడువక యుండును. ఫ్రెంచి సర్వనామములకు ఈ స్వేచ్ఛ లేదు. విందులో పంక్తి దీర్చి పీటలు వేసినట్లు, క్రియకు ముందు వాటికి ఐదు స్థానములు ఏర్పడియున్నవి. మొదటి స్థానమున "మ" (నన్ను, నాకు), "త" (నిన్ను, నీకు), "స" (తన్ను, తనకు), "ను" (మమ్ము, మాకు), "వు" (మిమ్ము, మీకు) కూర్చుండును. రెండవ స్థానమున "ల", "లా" (వానిని, ఆమెను, దానిని), "లే" (వారిని, వాటిని). మూడవ స్థానమున "లుయి" (వానికి, ఆమెకు), "లర్" (వారికి). నాలుగవది "ఈ", దానికి అక్కడ, అందులో అని యర్థము. ఐదవది "ఆఁ", అనగా అందులోనుండి, వాటిలో కొన్ని. సాధారణముగా ఒక క్రియకు ముందు రెండే చేరును. కాని యే రెండు వచ్చినను ఈ వరుస దప్పరాదు.

"ఇల్ మ ల దొన్" – ఆయన నాకు దానిని ఇచ్చుచున్నాడు. "ఇల్ ను లే దొన్" – ఆయన మాకు వాటిని ఇచ్చుచున్నాడు. "జ ల లుయి దొన్" – నేను దానిని వానికి ఇచ్చుచున్నాను. "జ లే లర్ దొన్" – నేను వాటిని వారికి ఇచ్చుచున్నాను. మొదటి రెండింటిలో గ్రహీత ముందు, వస్తువు వెనుక. తరువాతి రెండింటిలో వస్తువు ముందు, గ్రహీత వెనుక. మన వ్యాకరణ పరిభాషలో జెప్పవలెనన్న నొక్క సూత్రము చాలును: గ్రహీత ఉత్తమపురుషయో మధ్యమపురుషయో యైనచో వస్తువునకు ముందు నిలుచును; ప్రథమపురుష యైనచో వెనుక నిలుచును. ఎదురుగా మాటలాడుకొనువా రిరువురికిని అగ్రాసనము. అక్కడ లేనివానికి తరువాతి పీట. "స" యొక్కటియే దీనికి మినహాయింపు. ప్రథమపురుషయే యయ్యు నది మొదటి స్థానముననే యుండును.

జ్ఞాపకమునకు మఱి రెండు ఊతలు కలవు. "ల"తో మొదలగు నవి రెండు చేరినపుడు ఫ్రెంచి నిఘంటువులో ఏది ముందు వచ్చునో వాక్యములోను అదియే ముందు వచ్చును: లా, ల, లే, లర్, లుయి. రెండవ యూత పిల్లలకు మిక్కిలి ప్రీతికరము. ఫ్రాన్సు దేశమున గాడిద "ఈ-ఆఁ" అని ఓండ్ర పెట్టునందురు. "ఈ" ముందు, "ఆఁ" వెనుక అని అక్కడి యుపాధ్యాయులు గాడిదనే సాక్షిగా జూపుదురు. "అక్కడ కొన్ని యున్నవి" అనుటకు ఈ రెండును గలిసి "ఇల్ యాఁ నా" అని వినబడును. ఈ-కారమునకు ఆ-కారము పరమగునపుడు య-కారము వచ్చుట మన యణాదేశసంధి నెఱిగినవారికి వింత గాదు.

ఈ వరుస యెందులకు ఇట్లు రెండు తెఱగు లాయెనని విద్యార్థి యడుగక మానడు. దీనికి సమాధానము చరిత్రలో నున్నది. ప్రాచీన ఫ్రెంచి భాషలో వస్తువే యెల్లప్పుడును ముందుండెడిది. "దానిని నాకు" అను క్రమమున "ల మ" అనెడివారు. 15వ శతాబ్ది మొదలుకొని యీ వాడుక క్రమముగా మాఱి, 17వ శతాబ్దిలో "మ ల" అనునదియే స్థిరపడెను. 1647వ సంవత్సరమున ప్రకటితమైన వోజ్‌లా గారి భాషావిమర్శ గ్రంథము క్రొత్త క్రమమునే సాధువుగా నెన్నెను. "ల లుయి", "లే లర్" అనునవి మాత్రము కదలక పాత స్థానములలోనే నిలిచిపోయినవి. కావున మనకు వికారముగా దోచు మినహాయింపు నిజమునకు పాత యింటి గోడ. చుట్టును క్రొత్త కట్టడము లేచుటచేత అది యొంటరిగా గనబడుచున్నది.

ఆజ్ఞార్థకమున గూడ ఆ పాత గోడయే కనబడును. "దానిని నాకు ఇమ్ము" అనుటకు "దొన్-ల-మ్వా" అందురు. క్రియ ముందు, వస్తువు దాని వెంట, గ్రహీత చివర. "మ" అనునది "మ్వా" యగును. త్వరపడి యడుగునపుడు మనము గూడ "తెమ్ము దానిని నాకు" అని క్రియనే ముందుకు ద్రోయుట కలదు గదా. వలదని చెప్పునపుడు మాత్రము సర్వనామములు మరల క్రియకు ముందుకు వచ్చును: "న మ ల దొన్ పా" – నాకు దానిని ఇయ్యకుము.

ఇంకొక నిషేధమును గుర్తింపవలెను. మొదటి స్థానములోని మాటలు మూడవ స్థానములోని మాటలతో జతపడవు. "ఆయన నన్ను వానికి పరిచయము చేయుచున్నాడు" అనుటకు "మ లుయి" అనరాదు. "ఇల్ మ ప్రెజాఁత్ ఆ లుయి" అని, వానికి అను మాటను క్రియ వెనుక వేఱుగా జెప్పవలెను. "మ" అను నొక్క మాటయే నన్ను అనియు, నాకు అనియు రెండర్థముల నిచ్చును. మన "నన్ను", "నాకు" అనునవి తమ విభక్తిని తామే చెప్పుకొనును. ఫ్రెంచి "మ" చెప్పుకొనజాలదు. "ల"కును "లుయి"కిని మాత్రమే యా భేదము మిగిలినది. కావుననే ఎవరికి ఎవరిని, ఎవరికి దేనిని అను ప్రశ్న ఫ్రెంచి చదువరిని అడుగడుగునను వెంబడించును.

ఇది పరీక్షలో రెండు గుణముల కొఱకై నేర్వదగిన విషయము మాత్రమే యని తలపరాదు. మా యింట నొక కాగితము కలదు. మా మాతామహి తండ్రిగారు యానాములో నొక చిన్న యుద్యోగము చేసిరి. గోదావరీ తీరమున నున్న యా తెలుగు పట్టణము 1954వ సంవత్సరము జూన్ 13వ తేదీ వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1962లో శాసనరీత్యా భారతదేశమున జేరెను. నేడది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. ఆయన 1938లో దస్తావేజులు వ్రాయు నొక యధికారికి ఫ్రెంచిలో పంపిన జాబునకు నకలే యా కాగితము. అందు మొదట తన చిన్న యింటిని గూర్చియు, పిమ్మట తన పెద్దకుమార్తెను గూర్చియు వ్రాసి, "జ లా లుయి దొన్" అని ముగించిరి.

ఫ్రెంచి కొంత తెలిసిన పెద్దమనిషి యొకరు ఆయన మరణానంతరము దానిని చదివి, "ఆమెను వానికి ఇచ్చుచున్నాను" అని చెప్పిరట. "లా" అనగా ఆమెను, "లుయి" అనగా వానికి – అర్థము పైపైన గుదిరినట్లే యుండెను. పిల్లను "ఇచ్చుట" యనగా మనవారికి పెండ్లియే గదా! ఏదో మేనఱికపు సంబంధమును గూర్చిన మాట యని యందఱును తలచిరి. పెండ్లి జరుగలేదు గనుక కాగితము పెట్టెలో బడెను. ఇల్లు పంపకములలో కుమారులకు బోయెను. ఆ పెద్దకుమార్తె పెండ్లి లేకయే తమ్ముల యిండ్లలో వంతులవారీగా కాలము గడిపి కన్నుమూసెను.

ఆ కాగితము మా చేతికి వచ్చునప్పటికి మేము పైని జెప్పిన పాఠము చదివియుంటిమి. ఫ్రెంచిలో ఇల్లు స్త్రీలింగము. కావున "లా" అనునది ఇంటికిని చెల్లును. "లుయి" అనునది వానికి మాత్రమే కాదు, ఆమెకు అనియు నగును. జాబంతయు వెదకినను కుమార్తె తప్ప మఱియొక వ్యక్తి ప్రసక్తి లేదు. పురుషుని పేరొక్కటియు లేదు. ఆ వాక్యమున కర్థ మొక్కటియే: దానిని ఆమెకు ఇచ్చుచున్నాను. తండ్రి ఇంటిని కూతునకు ఇచ్చెను. చదివినవారు కూతునే యొకరికి ఇచ్చిరి. జాబు దానపత్రము గాదు. దానివలన నిప్పుడెవరికిని హక్కు రాదు. అయినను మా తల్లిగారు ఆ యర్థమును విని చాలసేపు మాటలాడలేదు. పిదప, "పెద్దమ్మ తండ్రికి బరువు కాదన్న మాట" అని మాత్రమనిరి. ఆ యొక్క మాటకై మేము చేసిన వ్యాకరణశ్రమ యంతయు సార్థకమైనదని తలచుచున్నాము.

తెలుగును ఫ్రెంచిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట మాతో మొదలైనది గాదు. 1732లో మన దేశమునకు వచ్చిన గస్తోఁ కర్దూ అను ఫ్రెంచి జెస్యూట్ పాదిరి తెలుగుదేశమున పనిచేసి, తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి పదములు గల నిఘంటువును గూర్చెను. సంస్కృతమునకు లాటిను, గ్రీకు భాషలతో బంధుత్వము కలదని 1767లో పారిసులోని పండితులకు తెలిపినవారును ఆయనయే. 1779లో మరణించువఱకు ఆయన మన నేలను విడువలేదు. మన భాష నుండి వారి భాషకు త్రోవ కలదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

కాబట్టి ఫ్రెంచి నేర్వగోరు బాలబాలికలకు మా సలహా యిది. దినమునకు ఐదు తెలుగు వాక్యములు వ్రాయుడు. ఇచ్చు, చెప్పు, చూపు, పంపు, అమ్ము అను క్రియలు చాలును. వాటిలో "దానిని", "నాకు", "వారికి" వంటి మాటలను తప్పక యుంచుడు. మన సంభాషణలో "పుస్తక మేది?" అన్నచో "ఇచ్చితిని" అని యూరకుందుము, దేనినో ఎవరికో చెప్పము. ఫ్రెంచిలో ఆ రెండును చెప్పవలెను గనుక ముందు తెలుగులోనే వాటిని నింపుడు. పిమ్మట గ్రహీత యే పురుషయో చూచి, పీటల వరుసను దలచి, ఫ్రెంచి మాటలను గూర్చుండబెట్టుడు. చివరకు క్రియను వ్రాయుడు. వాక్యము పూర్తియైన తరువాత మరల చదివి, ఎవరు ఎవరికి దేనిని ఇచ్చిరని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్నకు తడబడక యుత్తరము చెప్పగలిగిన నాడు మీకు ఫ్రెంచి కొంత వచ్చినట్లే; మీ తెలుగును మీకు మునుపటికంటె బాగుగా వచ్చినట్లే.