గెలుపెవరిదో ఎవరికెరుక?
(నెల్లిమర్లలో ఒక సాయంకాలం)

విజయనగరం విడిచి పది కిలోమీటర్లైనా సాగకముందే నెల్లిమర్ల వస్తుంది. ఊరి పక్కనే చంపావతి. తూర్పు కనుమల్లో పుట్టి కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలిసే ఈ నది, వానలు వెనుకపట్టిన తరువాత సన్నని పాయగా మారి ఇసుకనే ఎక్కువగా చూపుతుంది. చెన్నై–హౌరా రైలుమార్గం ఊరి మీదుగానే వెళుతుంది. ఇంకాస్త ముందుకు పోతే రామతీర్థం కొండలు, వాటిపై ప్రాచీన బౌద్ధ, జైన శిథిలాలు కనబడతాయి. ఇన్ని ఉన్నా, నెల్లిమర్ల అనగానే ఈ ప్రాంతంవారి నోట ముందుగా వచ్చే మాట జూట్ మిల్లు.

అంచనా వేయటం ఈ ఊరికి కొత్త విద్య కాదు. చుట్టుపక్కల గ్రామాల రైతులు తరతరాలుగా గోగు పండించారు. కోసిన గోగును కట్టలు కట్టి నీటిలో ఊరవేసి, నార ఒలిచి, ఎండబెట్టి అమ్మాలి. విత్తు వేసేనాటికి వాన సంగతి తెలియదు. నార చేతికి వచ్చేనాటికి ధర ఎంత ఉంటుందో తెలియదు. మిల్లు కార్మికుని పరిస్థితీ అంతే. యంత్రాలు ఎన్నాళ్లు నిరాటంకంగా తిరుగుతాయో, ఎప్పుడు ఆగుతాయో అతని చేతిలో లేదు. రేపటిని గురించి ఊహించక తప్పని బ్రతుకులు ఇవి. అందుకే ఇక్కడివారి మాటల్లో అంచనాలకు కొదువ ఉండదు.

మేము వెళ్లిన సాయంకాలం ఒక టీ దుకాణం వద్ద సాగుతున్న చర్చ మాత్రం గోగు ధర గురించి కాదు, ప్రపంచకప్ ఫుట్‌బాల్ గురించి. 2026 జూన్ 11 నుండి జూలై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికోలలో జరుగనున్న పోటీలవి. ఒకరు అర్జెంటీనా అన్నారు, ఇంకొకరు ఫ్రాన్స్ అన్నారు. మొరాకో ఈసారి ఫైనల్ చేరి తీరుతుందని మరొక యువకుడు పట్టుబట్టాడు. మొరాకో గ్రూపులోనే బ్రెజిల్ కూడా ఉందని పక్కవారు గుర్తుచేశారు. మా వైపు తిరిగి, “మీరేటంటారు బాబూ?” అని అడిగారు. మేము నవ్వి ఊరుకున్నాము. బెంచీ చివర కూర్చున్న పెద్దాయన, “ఎవులు గెలుత్తారో ఎవులికి తెలుసు? ఆడినాక సెప్పుకుందాం” అన్నారు.

అంతవరకు అది ముచ్చటైన కాలక్షేపమే. ఇంతలో ఒక కుర్రవాడు ఫోను తెరిచి, ఏ జట్టుపై ఎంత పెడితే ఎంత వస్తుందో చదివి వినిపించసాగాడు. సంభాషణ స్వరం మారిపోయింది. ఆట పక్కకు జరిగింది, అంకెలు ముందుకు వచ్చాయి. ఆ మార్పే ఈ వ్యాసానికి కారణం.

ఫుట్‌బాల్ అంచనాలు ఎంతవరకు నిలుస్తాయో ముందు చూద్దాం. 2022 నవంబరు 22న ఖతార్‌లో సౌదీ అరేబియా, అర్జెంటీనా తలపడ్డాయి. అప్పటికి అర్జెంటీనా 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగదు. సౌదీ 2–1తో గెలిచింది. ఆ రాత్రి అర్జెంటీనా పని అయిపోయిందని, సౌదీ దూసుకుపోతుందని లెక్కవేసినవారు రెండు విధాలా పొరపడ్డారు. సౌదీ తరువాతి రెండు మ్యాచ్‌లూ ఓడి మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. అర్జెంటీనా డిసెంబరు 18న కప్పు ఎత్తింది. అదే పోటీలో మొరాకో బెల్జియంను, స్పెయిన్‌ను, పోర్చుగల్‌ను ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా, తొలి అరబ్బు జట్టుగా నిలిచింది.

జోస్యం అనగానే చాలామందికి జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ గుర్తుకు వస్తుంది. రెండు జట్ల జెండాలున్న రెండు పెట్టెలలో ఆహారం పెట్టేవారు; అది ఏ పెట్టె వైపు వెళితే ఆ జట్టు గెలుస్తుందని ప్రచారం. 2010 ప్రపంచకప్‌లో ఎనిమిదికి ఎనిమిదీ సరిపోయాయి. లోకం నివ్వెరపోయింది. కానీ ఎనిమిదిసార్లు నాణెం ఎగరవేసి ఎనిమిదిసార్లూ సరిగా చెప్పే అవకాశం 256లో ఒకటి. దేశదేశాల్లో వందలాది జంతువులతో ఇదే తమాషా చేయిస్తే, వాటిలో ఒకదానికి అన్నీ కుదరటం వింత కాదు. తప్పిన జంతువుల పేర్లు ఎవరూ రాయరు. ఇదే పాల్ 2008 యూరో పోటీలలో ఆరింటిలో రెండు తప్పింది. ఆ సంగతి చెప్పేవారు అరుదు.

2026లో 48 జట్లు 104 మ్యాచ్‌లు ఆడనున్నాయి. తొలిదశ 72 మ్యాచ్‌లను పక్కనపెట్టినా, నాకౌట్ దశలో 32 జట్ల నుండి విజేత తేలేవరకు 31 మ్యాచ్‌లుంటాయి. వాటి ఫలితాలు రాగల విధాలు 214 కోట్లకు పైగా! ఎంతటి పండితుడైనా వీటిలో కొన్నింటిని మాత్రమే తెలివిగా ఊహించగలడు.

మన తెలుగు నేలతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. ఆనాడు ఎవరైనా పందెం కాసి ఉంటే ఎటు కాసేవారో చెప్పనక్కరలేదు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాను భారత్ 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. రహీం సాహెబ్ అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన ఫలితాన్ని ఊహిస్తూ కూర్చోలేదు, ఫలితం కోసం జట్టును సిద్ధం చేశారు. నెల్లిమర్ల రైతు చేసేదీ అదే. ధర తెలియకపోయినా అతడు దుక్కి దున్నుతాడు. అతని అంచనా వెనుక శ్రమ ఉంది. నష్టం వచ్చినా ఒలిచిన నార చేతిలో ఉంటుంది.

పందెంలో అటువంటిదేమీ మిగలదు. సమానమైన రెండు జట్లపై ఇద్దరు చెరి 100 రూపాయలు పెట్టారనుకుందాం. పోగైనది 200. గెలిచినవానికి 190 ఇచ్చి, పందెం నడిపేవాడు 10 ఉంచుకుంటాడు. ఏ జట్టు గెలిచినా అతనికి చింత లేదు. ఆడేవాడు సగటున ప్రతి 100కు 5 రూపాయలు పోగొట్టుకుంటూనే ఉంటాడు. పోయినదానిని రాబట్టాలన్న ఆశ అంతకన్నా ప్రమాదకరం. 100 పోతే 200, అదీ పోతే 400, ఆపై 800, 1600... వరుసగా ఐదు తప్పితే 3,100 రూపాయలు పోయినట్లే. వారపు సరుకులు, పిల్లల ఫీజు, అమ్మగారి మందులు అందులోనే కరిగిపోతాయి. ఇంట్లో ఆడవారికి ఈ సంగతి తెలిసేది చివరనే.

చట్టం కూడా దీనిని సమ్మతించదు. ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

దివ్య ఖుర్‌ఆన్ ‘మాయిదా’ సూరాలో మద్యంతో పాటు జూదాన్ని, జోస్యపు బాణాలను ఒకే చోట ప్రస్తావించి, వాటికి దూరంగా ఉండమని ఆదేశించింది. జూదం మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని నాటుతుందని కూడా తెలిపింది. రేపు తాను ఏమి సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదన్న సత్యం ‘లుఖ్మాన్’ సూరాలో ఉంది. ఒక గెలుపును ముందుగా తెలిపిన సందర్భమూ ఖుర్‌ఆన్‌లో ఉంది. పర్షియనుల చేతిలో ఓడిన రోమనులు కొద్ది సంవత్సరాలలోనే గెలుస్తారని ‘రూమ్’ సూరా ప్రకటించింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) దీనిపై ఖురైషులతో పందెం ఒప్పుకున్నారని, అది జూదం నిషిద్ధం కాకముందు మాట అని వ్యాఖ్యాతలు రాశారు. 627లో నైనెవా వద్ద రోమనులు పర్షియనులను ఓడించారు. అది సర్వజ్ఞుడైన అల్లాహ్ ఇచ్చిన వార్త. ఫోను తెరపై కనిపించే అంకెలకు ఆ జ్ఞానం లేదు.

అలాగని పిల్లలను ఆట చూడవద్దని కసరనక్కరలేదు. మన కాలమానం ప్రకారం చాలా మ్యాచ్‌లు రాత్రివేళ, తెల్లవారుజామున వస్తాయి. ఫజ్ర్ నమాజుకు, మరునాటి బడికి భంగం కలుగకుండా ఏవి చూడాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే నిర్ణయించుకోవచ్చు. గోడకు ఒక కాగితం అంటించి, ఎవరి ఊహ వారు రాసుకోవచ్చు. తొలిసారి ప్రపంచకప్ ఆడబోతున్న జోర్డాన్, ఉజ్బెకిస్తాన్ పటంలో ఎక్కడున్నాయో పిల్లల చేత వెదికించవచ్చు. ఒక్కటే నియమం: ఊహ తప్పినవారి చేత టీ ఖర్చు పెట్టించటం కూడా వద్దు. కుర్రవాళ్లు పందేనికి అలవాటుపడేది ఆ పది రూపాయల దగ్గరే.