కడియపులంకలో కోలియసు

రాజమహేంద్రవరమునకు సమీపమున, గోదావరి కాలువల నడుమ, కడియము, కడియపులంక యను గ్రామములు గలవు. కాటను దొర ధవళేశ్వరముకడ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువనీరు పారి సస్యశ్యామలమైన సీమ యిది. నేడిచట నెటుచూచినను మొక్కల తోటలే. నల్లని సంచులలో వరుసలు తీర్చిన మొక్కలు లారీలకెక్కి దేశము నలుమూలలకు పోవుచుండును.

నేనచటికి వినోదార్థము పోలేదు. గత సంవత్సరము స్వర్గస్థురాలైన మా యమ్మ స్వహస్తములతో నాటిన కోలియసు మొక్క యొకటి నాయొద్ద గలదు. ఆకు నడుమ గులాబివన్నె, చుట్టును ఊదా, అంచున లేతపచ్చ. ఆమె తాకిన కొమ్మయని గోరైన తగులనీయక పెంచితిని. అది రెండడుగులు సాగి, క్రింది యాకులు రాల్చి, కొనను నీలిపూల వెన్ను వేసి, మోడువలె నిలిచెను. ఇక దక్కదేమోయని భయపడి, అట్టిదే మఱియొకటి కొనవలెనని ఆకొకటి రుమాలున చుట్టుకొని బయలుదేరితిని.

నాలుగు తోటలు తిరిగితిని. కోలియసులు వేలకొలదిగా నున్నవి. అమ్మది మాత్రము కానరాలేదు. ఐదవ తోటలో నీడవల క్రింద కూర్చుండి మొక్కల కొనలు గిల్లుచున్న యొక ముదుసలి నా యాకును చూచి, "ఇంట్లో మొక్కుండగా కొనడమెందుకమ్మగారూ? కొన తుంచి పాతుకోండి. అదే మొక్క, అదే రంగు" అనెను.

"మా అమ్మ మొక్క మామ్మా, తుంచడానికి చెయ్యి రాదు" అంటిని.

"తులసమ్మ వెన్నులు తుంచరా? తుంచకపోతే గుబురెలా కడుతుంది?" అనెను.

ఆమె మాట శాస్త్రసమ్మతమే. కోలియసు తులసి కుటుంబములోనిదే. నాలుగు పలకల కాడను, ఎదురెదురాకులను చూచిన నది తెలియును. లినేయసు పండితుడు 1763లో దీనిని తులసి జాతిలోనే చేర్చెను. కొనమొగ్గలో పుట్టు ఆక్సిను అను ద్రవ్యము క్రింది మొగ్గలను ఎదుగనీయదు. కొన త్రుంచిన నవి మేల్కొనును. కావున మొక్క జానెడెత్తునకు రాకమునుపే, ఆకుల జంటకు కొంచెము పైగా గిల్లవలెను. ఒక కొమ్మ రెండగును, రెండు నాలుగగును. వెన్ను కనబడగనే తీసివేయవలెను. లేనిచో బలము పూలకు పోయి ఆకుల శోభ తగ్గును. విత్తనపు మొక్కకు తల్లి రంగే వచ్చునను నమ్మకము లేదు. కొమ్మ నాటిన సాధారణముగా ఆ రంగే నిలుచును.

ఇంటికి వచ్చి, ఆనాటి సాయంకాలమే కత్తెర పట్టితిని. చేయి వణకెను. నాలుగంగుళముల ముక్కలైదు కోసి, వెన్నును, క్రింది యాకులను తీసి, గాజుగ్లాసులో నీట నుంచితిని. పది దినములలో తెల్లని వేళ్ళు వచ్చెను. నీరు నిలువని గుల్లమట్టిలో పశువుల ఎరువు కలిపి కుండీలలో నాటి, ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము నీడపడు వసారాలో నుంచితిని. మోడనుకొన్న తల్లిమొక్కయు కణుపుకణుపునను జంటచిగుళ్ళు వేసినది.

మొన్న చెల్లెలు వచ్చినప్పుడు ఒక కుండీ నామె కిచ్చితిని. "అమ్మ మొక్క, తాకకుండా చూచుకొనుము" అని చెప్పబోయి, "కొనలు గిల్లుట మఱువకుము" అని చెప్పి పంపితిని.