మౌలాలి గుట్ట మీద ఒక ఉదయం

నాచారంలో ఏ మేడ ఎక్కి ఉత్తరంగా చూసినా మౌలాలి గుట్ట కనిపిస్తుంది. కర్మాగారాల రేకుల కప్పులకు, నీళ్ల ట్యాంకులకు అవతల, బోర్లించిన పెద్ద గిన్నెలాంటి రాయి. మా మదరసా వరండాలో నిలబడినా అదే దృశ్యం. అయినా ఊరి నుండి బంధువులు వస్తే ఉప్పల్, నాచారం వాసులమంతా వారిని చార్మినార్‌కో, సాలార్‌జంగ్ మ్యూజియానికో తీసుకుపోతాము. పొరుగున ఉన్న కొండను చూడడానికి బయలుదేరడం ఎవరికీ తోచదు.

గుట్ట చరిత్ర చిన్నది కాదు. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1578లో, యాకూత్ అనే ఆస్థాన సేవకుడు హజ్రత్ అలీ (రజి) ఈ కొండపై ఆసీనులై ఉన్నట్లు కలగన్నాడనీ, తెల్లవారి వెళ్లి చూస్తే రాతిపై చేతి ముద్ర కనిపించిందనీ గాథ. శిఖరం మీది దర్గా ఆ విధంగా వెలసింది. ఆసఫ్‌జాహీల కాలంలోనూ రజబ్ నెలలో ఇక్కడ ఉత్సవం ఘనంగా జరిగేది. కలను కలగానే, గాథను గాథగానే ఎంచడం మా పద్ధతి. అక్కడికి వచ్చేవారితో వాదానికి దిగడం మా పని కాదు. కొండ దిగువన 1824లో మరణించిన ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా సమాధి కూడా ఉన్నది. అయితే మేము వెళ్లింది వీటి కోసం కాదు. మా చిన్నమ్మాయి రాయి చూపిస్తానన్నది, అందుకు వెళ్లాము.

అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తిచేసింది. డిగ్రీలో భూవిజ్ఞానం చదువుతానంటున్నది. మా అన్నగారు ఈ మాట విని నొచ్చుకున్నారు. ‘‘ఆడపిల్ల రాళ్లు పట్టుకుని కొండలూ గుట్టలూ తిరగడమేమిటి? బీకాం చదివించు, సాయంత్రం ఆలిమా కోర్సు చేయించు’’ అన్నారు. ఆ చదువులో విద్యార్థులను రోజుల తరబడి బయటి ఊళ్లకు తీసుకువెళతారని ఆయన ఎవరినో అడిగి తెలుసుకున్నారు కూడా. ఆయన మా కంటే పదేళ్లు పెద్ద. తండ్రిగారి తర్వాత ఇంటికి పెద్దదిక్కు. ఆయన భయం ఉత్తభయమని తోసిపుచ్చడం మా వల్ల కాదు. దోస్త్‌లో కోర్సుల ఎంపికకు ఇంకా నాలుగు రోజులే గడువున్నది. ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

జూన్ నెల, తొలి వానలు పడి రెండు రోజులైంది. ఫజ్ర్ నమాజు కాగానే నేను, మా ఇంటివారు, అమ్మాయి, మేము ముగ్గురమూ ఆటోలో బయలుదేరాము. మెట్లు వందల్లో ఉన్నాయి. మా ఇంటివారికి మోకాళ్ల నొప్పి. సగం దూరంలో ఒక చెట్టు కింద కూర్చుని ‘‘మీరు వెళ్లి రండి, నేను ఈ గాలి చాలనుకుంటాను’’ అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. తల్లి చేయి పట్టుకుని పది మెట్లకోసారి ఆగుతూ పైదాకా తెచ్చింది.

ఆగిన ప్రతిచోటా ఆమెకు చెప్పడానికి ఏదో ఒకటి ఉన్నది. హైదరాబాద్ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. భూమి లోతుల్లో కరిగిన పదార్థం మెల్లగా చల్లబడి గట్టిపడింది. పైనున్న నేల యుగయుగాలుగా కొట్టుకుపోగా ఇది బయటపడింది. మీది బరువు తొలగినందున ఉల్లిపొరల వలె పలకలు పలకలుగా ఊడుతుంది, అందుకే ఈ గుండ్రని ఆకారం. ‘‘గుండు మీద గుండును ఎవరూ పేర్చలేదు అబ్బా. పగుళ్ల వెంట నీరు దిగి రాతిని లోపలే అరగదీసింది, తర్వాత మట్టి పోయి గుండ్లు మిగిలాయి’’ అన్నది. రాతిలోని గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది. తెల్లని చార క్వార్ట్జ్. నల్లని డోలరైట్ రాయి గోడల వలె గ్రానైటును చీల్చుకుని వచ్చిన చోట్లు కూడా హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నాయట.

తెలుపు, ఎరుపు, నలుపు అని వినగానే మేము ఆగిపోయాము. దివ్య ఖుర్ఆన్ ఫాతిర్ సూరా 27వ ఆయతులో పర్వతాలలోని చారల ప్రస్తావన ఉన్నది. అక్కడ చెప్పిన రంగులు ఈ మూడే. ఆ వెనువెంటనే 28వ ఆయతులో ‘ఉలమా’ అనే పదం వస్తుంది. ఆ పదం మీద మేము ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. దానికి ముందున్నది వాన, పండ్లు, కొండల రంగులు. వ్యాఖ్యాతలు ఈ వరుసను గమనించి రాశారు. మేమూ తరగతిలో చెబుతూనే ఉన్నాము. కాని వేలు పెట్టి చూపించడానికి రాయి ఎదుట ఉండడం వేరు.

పైన గాలి బలంగా ఉన్నది. ఒకవైపు రైలు పట్టాలు, వ్యాగన్లు; మరోవైపు నాచారం పారిశ్రామికవాడ, దూరాన ఉప్పల్ స్టేడియం దీపస్తంభాలు. ఉప్పల్ రోడ్డు మీది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎక్కడుంటుందో అమ్మాయి వేలితో చూపింది. 1961లో స్థాపించిన ఆ సంస్థ ముందు నుండి మేము వేలసార్లు బస్సులో పోయి ఉంటాము. ఇటువంటి గుట్టలు నగరంలో ఇంకెన్నో ఉండేవి. కంకర కోసం, ఇండ్ల స్థలాల కోసం పేల్చగా చాలావరకు పోయాయి. రాళ్లను కాపాడాలని 1996లో హైదరాబాద్‌లో ఒక సంఘమే ఏర్పడింది. రాళ్ల కోసం సంఘమా అని మా ఇంటివారు నవ్వారు. తర్వాత ఆమే ‘‘ఉహుద్ పర్వతం పట్ల ప్రవక్త (స) ప్రేమను తెలియజేశారు కదా’’ అన్నారు.

దిగేటప్పుడు అమ్మాయిని ఒక్కటే అడిగాము, ఆ ప్రయాణాలలో మహిళా అధ్యాపకులు వెంట ఉంటారా అని. ‘‘నేను వెళ్లి కనుక్కున్నాను అబ్బా, ఉంటారు. మీరు కూడా వచ్చి అడగండి’’ అన్నది. మర్నాడు జుహర్ తర్వాత కాలేజీకి వెళ్లి అడిగాము. ఉంటారన్నారు. అక్కడి నుండే అన్నగారికి ఫోన్ చేశాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘హిజాబ్ విషయం అడిగావా?’’ అన్నారు. అడిగామని, అభ్యంతరం లేదన్నారని చెప్పాము. ‘‘సరే, ఆదివారం ఇంటికి వస్తాను. దాని నోటనే వింటాను’’ అన్నారు. గడువు శనివారంతో ముగుస్తుందని ఆయనతో చెప్పలేదు. శుక్రవారం రాత్రి అమ్మాయి భూవిజ్ఞానాన్నే మొదటి ఎంపికగా నమోదు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాము.