సౌతాంప్టన్ రేవులో ఓడ ఎక్కే వరుస

ఇంగ్లండు దక్షిణ తీరాన టెస్ట్, ఇచెన్ అనే రెండు నదులు కలిసే చోట సౌతాంప్టన్ నగరం ఉన్నది. ఎదుట వైట్ ద్వీపం అడ్డుగోడవలె నిలిచి సముద్రపు ధాటిని ఆపుతుంది. ఇక్కడ మరొక విశేషం కూడ ఉన్నది. పోటునీరు రేవులోకి వచ్చిన వెంటనే వెనుదిరిగిపోదు. చాలాసేపు నిలిచి, ఆ తరువాతనే తీస్తుంది. లోతైన నీరు ఎక్కువసేపు దొరికే ఈ రేవు పెద్ద ఓడలకు ప్రకృతి కట్టి ఇచ్చిన వసతి. 1620లో మేఫ్లవర్ ఓడ అమెరికా యాత్రకు మొదట బయలుదేరినది ఇక్కడినుండే. 1907లో వైట్‌స్టార్ కంపెనీ తన అట్లాంటిక్ ఓడలను లివర్‌పూల్ నుండి ఇక్కడికి తరలించింది. ఆ ఓడల కోసమే తవ్విన రేవుతొట్టి 1911లో తెరుచుకున్నది. నేడు దానిని ఓషన్ డాక్ అంటారు.

వేలమందిని కొన్ని గంటలలో ఒకే ఓడలోకి ఎక్కించడం చిన్న పని కాదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్న ఈ ఊరికి వంద సంవత్సరాలకు పైగా నిత్యకృత్యం. దానికి దొరికిన జవాబు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

1912 ఏప్రిల్ 10వ తేదీ, బుధవారం. టైటానిక్ మధ్యాహ్నం పన్నెండు గంటలకు బయలుదేరవలసి ఉన్నది. ఆనాడు ముందుగా ఎక్కినవారు ధనికులు కారు. లండన్ వాటర్లూ స్టేషనులో ఉదయం ఏడున్నరకు బయలుదేరిన ప్రత్యేక రైలు రెండవ, మూడవ తరగతుల ప్రయాణికులను తొమ్మిదిన్నరకు రేవులో దింపింది. మొదటి తరగతి వారి రైలు తీరికగా పదకొండున్నర ప్రాంతాన, ఓడ కదలడానికి అరగంట ముందు వచ్చింది. రైలు దిగితే ఓడ. నడుమ నిరీక్షణ లేదు. కంపెనీ అధ్యక్షుడు బ్రూస్ ఇస్మే ముందురోజు రాత్రి రేవు దగ్గరనే ఉన్న సౌత్ వెస్టర్న్ హోటలులో బసచేసి, ఉదయం సావకాశంగా ఓడ చేరుకున్నాడు.

పేదలను ముందు ఎక్కించడం గౌరవం కాదు, అవసరం. మూడవ తరగతి వారిని వైద్యులు పరీక్షించాలి. కండ్లకలక జాతికి చెందిన ట్రకోమా వ్యాధి ఉన్నదేమోనని కనురెప్పలు చూడాలి. తలలో పేలు వెదకాలి. అమెరికా చట్టం ప్రకారం, అక్కడ తిరస్కరింపబడిన వలసదారుని వెనుకకు తీసుకురావలసిన భారం ఓడ కంపెనీది. బయలుదేరేనాడే కనిపెట్టదగిన అంటువ్యాధితో ఎవరినైనా తీసుకువెళితే, మనిషికి వంద డాలర్ల జరిమానా అదనం. ఆ పరీక్ష దయతో పుట్టినది కాదు, లెక్కతో పుట్టినది. మొదటి తరగతి వారి కనురెప్పలు ఎవరూ ఎత్తి చూడలేదు. అదేరోజు సాయంత్రం ఫ్రాన్సులోని షెర్బూర్‌లో కూడ ఇదే పద్ధతి. అక్కడ ప్రయాణికులను ఓడ దగ్గరకు చేర్చిన రెండు చిన్న ఓడలలో నొమాడిక్ మొదటి, రెండవ తరగతులకు, ట్రాఫిక్ మూడవ తరగతికి. నొమాడిక్ ఇప్పటికీ బెల్‌ఫాస్టులో భద్రంగా ఉన్నది.

అవతలి తీరంలో ఈ వరుస తలక్రిందులయ్యేది. న్యూయార్కులో మొదటి, రెండవ తరగతుల వారిని అధికారులు ఓడలోనే పైపైన చూసి, నేరుగా నగరంలోకి పంపేవారు. మూడవ తరగతి వారు మరొక పడవ ఎక్కి ఎల్లిస్ ద్వీపానికి వెళ్లి, అక్కడ మళ్లీ బారులు తీరవలసిందే.

ఆ ప్రయాణంలో వరుస అంతకంటె ఘోరంగా తిరగబడినది నడిసముద్రంలో. సుమారు 2,200 మంది ఉన్న ఓడలో ప్రాణరక్షక పడవలలో చోటు 1,178 మందికి మాత్రమే. పడవలు పై డెక్కు మీద. మూడవ తరగతి నివాసాలు క్రింది అంతస్తులలో, ఓడ ముందు కొసన, వెనుక కొసన. మొదటి తరగతి వారిలో నూటికి అరవైమందికి పైగా బ్రతికారు. మూడవ తరగతిలో నూటికి పాతికమంది. ఉదయం అందరికంటె ముందు ఎక్కినవారు అందరికంటె ఎక్కువగా మునిగిపోయారు.

సమయానికి రావడం, రాకపోవడం అన్న విషయంలో ఈ ఊరు నేటికీ చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ వీధిలోని గ్రేప్స్ అనే మద్యశాలలో కొందరు బొగ్గుపొయ్యి కార్మికులు ఓడ కదలడానికి పది నిమిషాల ముందువరకు కూర్చున్నారు. పరుగున రేవు చేరేసరికి అడ్డంగా ఒక రైలు వచ్చింది. పొడెస్టా, నట్‌బీన్ అనే ఇద్దరు రైలుకు ముందే పట్టాలు దాటి ఓడ ఎక్కారు. స్లేడ్ అనే ఇంటిపేరు గల ముగ్గురు అన్నదమ్ములు రైలు పోయేదాకా ఆగారు. ఆలస్యమైందని ఆరవ అధికారి మూడీ వారిని ఎక్కనివ్వలేదు. సిద్ధంగా ఉంచుకున్న వేరే మనుషులను తీసుకున్నాడు. ముగ్గురు అన్నదమ్ములూ బ్రతికిపోయారు. మూడీ, ఇరవై నాలుగేండ్లవాడు, తిరిగి రాలేదు. చిత్రమేమంటే ముందుగా పరుగెత్తిన ఆ ఇద్దరూ కూడ బ్రతికే వచ్చారు. ఈ నగరంలో నివాసముండిన ఐదువందల మందికి పైగా ఆ ఓడతో పోయారు. వారిలో అత్యధికులు నౌకా సిబ్బంది.

నేటి సౌతాంప్టన్‌లో విహార నౌకల కోసం ఐదు టెర్మినళ్లు ఉన్నాయి. వాటిలో హొరైజన్ 2021లో వచ్చింది. ఇక్కడినుండి తిరిగే ఐయోనా అనే ఓడ పొడవు 344 మీటర్లు, ప్రయాణికులు ఐదువేలకు పైగా. టైటానిక్ పొడవు 269 మీటర్లే. ఇటువంటి ఓడ తెల్లవారుజామున వచ్చి, పాతవారిని దించి, గదులు శుభ్రం చేయించుకొని, సరుకు నింపుకొని, సాయంత్రానికే కొత్తవారితో వెళ్లిపోతుంది. ఈ కొద్ది గంటలలో ఐదువేలమంది ఒక్కసారిగా వచ్చిపడితే టెర్మినల్ సంతలా మారుతుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక వేళ కేటాయిస్తారు. వేళకంటె చాలా ముందు వస్తే లాభం లేదు, బయట కూర్చోవలసిందే.

కాని ఈ గడియారానికి అతీతులు కొందరున్నారు. పెద్ద గదులు తీసుకున్నవారికి, ఆ కంపెనీ ఓడలలో పలుమార్లు తిరిగినవారికి వేరే బారు, కొన్నిచోట్ల వేరే విశ్రాంతి గది. క్వీన్ మేరీ 2లో గ్రిల్ అని పిలిచే ఖరీదైన గదులవారికి ముందస్తు ప్రవేశంతో పాటు భోజనశాల కూడ ప్రత్యేకమే. కొన్ని కంపెనీలు ఈ ముందు ఎక్కే హక్కును విడిగా ధర కట్టి అమ్ముతాయి. 1912లో డబ్బున్నవాడు చివర ఎక్కే సౌఖ్యం కొనుక్కున్నాడు; ఇప్పుడు ముందు ఎక్కే సౌఖ్యం కొంటున్నాడు. ఎప్పుడైనా కొనేది ఒక్కటే, ఇతరుల నడుమ నిలబడకపోవడం. వృద్ధులకు, చక్రాల కుర్చీలవారికి ఇచ్చే ప్రాధాన్యం వేరు. దానికి వెల లేదు, ముందుగా తెలియజేస్తే చాలు.

అయితే తొందరపడి ఎక్కినవారికి గది వెంటనే దొరకదు. చాలా ఓడలలో మధ్యాహ్నం దాటాకనే తలుపులు తెరుస్తారు. రేవులో కూలీలకు అప్పగించిన పెట్టెలు సాయంత్రానికి గాని గుమ్మం చేరవు. మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోవడం వివేకం. 1888లో బారిష్టరు చదువుకు వచ్చిన గాంధీజీ సౌతాంప్టన్‌లో దిగానని ఆత్మకథలో వ్రాసుకున్నారు. సెప్టెంబరు చివర తెల్లని దుస్తులలో దిగి చూస్తే అటువంటివి ధరించినవాడు తానొక్కడే. మార్చుకుందామంటే సామాను, తాళంచెవులు కూడ కంపెనీ ఏజెంటు చేతిలో ఉన్నాయి. చేతిసంచి గురించి ఇంతకంటె మంచి పాఠం దొరకదు.

ఓడ సాయంత్రం ఐదింటికి బయలుదేరుతుందంటే ఐదింటికి ఎక్కవచ్చునని కాదు. చెక్-ఇన్ గంటో, గంటన్నరో ముందుగానే మూసివేస్తారు. దీనికి కారణాలున్నాయి. ప్రయాణికుల జాబితా అధికారులకు ముందే చేరాలి. అమెరికా రేవులనుండి వెళ్లే ఓడలైతే అరవై నిమిషాల ముందు పంపి తీరాలన్నది అక్కడి నిబంధన. మరొక కారణం ఇంకా బలమైనది. 2012 జనవరి 13 సాయంత్రం ఇటలీలోని చివిటావెక్కియా రేవునుండి కోస్టా కంకార్డియా బయలుదేరింది. అక్కడ ఎక్కిన వందలాది మందికి ప్రమాదవేళ ఎక్కడ చేరాలో చూపించే కసరత్తు ఇంకా జరగలేదు. ఇరవై నాలుగు గంటలలోగా జరిపితే చాలునన్నది అప్పటి నిబంధన. మూడు గంటలు గడవకముందే జీలియో ద్వీపం దగ్గర ఓడ రాతికి కొట్టుకున్నది. 32 మంది మరణించారు. 2015 జనవరి 1 నుండి ఆ కసరత్తు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, జరగాలని అంతర్జాతీయ నిబంధన మారింది. చెక్-ఇన్ కిటికీ దగ్గర గడియారం చూసి విసుక్కునేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

నడుమ రేవులలో దిగి ఊరు చూడబోయినవారికి కూడ తిరిగి రావలసిన వేళ నిర్ణయించి ఉంటుంది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కార్డు యంత్రానికి చూపాలి. ఎవరు రాలేదో దానితో తెలిసిపోతుంది. కంపెనీ ఏర్పాటు చేసిన విహారంలో వెళితే సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. రేవు అద్దె, పోటు వేళ, తరువాతి రేవులో కేటాయించిన చోటు, ఇన్ని లెక్కల ముందు ఇద్దరు మనుషులు తేలికైపోతారు. అటువంటివారి గదిలోని పాస్‌పోర్టులు వెదికి, రేవులోని ఏజెంటుకు అప్పగించి ఓడ వెళ్లిపోవడం కద్దు. తరువాతి రేవుకు చేరే ఖర్చు వారిదే.

విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడ ఓడ ఎక్కబోయేవారు కూడ టిక్కెట్టు మీద మొదట చూసుకోవలసినది బయలుదేరే వేళ కాదు, చెక్-ఇన్ మూసివేసే వేళ.